టాయిలెట్ పేపర్ అమ్మే పిల్లల నుంచి సూపర్‌లీగ్ దాకా

స్వీడన్‌లో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్ళకి మొదటి ఏడాదిలోనే ఒక వింత అనుభవం ఎదురవుతుంది. సాయంత్రం పూట ఎవరో తలుపు కొడతారు. తీస్తే పక్కింటి పదేళ్ళ అమ్మాయి నిలబడి ఉంటుంది, నాలుగడుగులు వెనకాల వాళ్ళ నాన్న. "మా టీమ్ కోసం టాయిలెట్ పేపర్ అమ్ముతున్నాం, ఒక కట్ట తీసుకుంటారా?" అని అడుగుతుంది. ఒక్కోసారి టాయిలెట్ పేపర్ బదులు సాక్సులు, ఒక్కోసారి బిస్కెట్లు. ఏది కొన్నా కొంత డబ్బు ఊళ్ళోని క్రీడా సంఘానికి చేరుతుంది.

ఆ పిల్ల ఆడేది ఇన్నెబాండీ కావచ్చు. బయట ప్రపంచం దాన్నే ఫ్లోర్‌బాల్ అంటుంది. ఈ ఆటలో స్వీడన్ మహిళల జట్టు 2007 నుంచి 2023 దాకా జరిగిన తొమ్మిది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లూ వరుసగా గెలిచింది. ఆ జట్టులోని అమ్మాయిలు చాలావరకు తయారయ్యేది దేశంలోని పైస్థాయి లీగ్‌లో. దాని పేరు స్వెన్స్కా సూపర్‌లీగన్, ముద్దుగా ఎస్‌ఎస్‌ఎల్. ఆట మీద కాస్త పట్టున్నవాళ్ళు ప్రపంచంలో ఇదే గట్టి మహిళల లీగ్ అంటారు. ఫిన్లాండ్ వాళ్ళు ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి. మరి ఇంత గొప్ప లీగ్‌లో ఆడేవాళ్ళలో చాలామంది పొద్దున్నే లేచి మామూలు ఉద్యోగానికో కాలేజీకో ఎందుకు వెళ్తారు? ఏ కోటీశ్వరుడూ వచ్చి ఒక టీమ్ ఎందుకు కొనుక్కోడు? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు తలుపు కొట్టిన ఆ పిల్ల దగ్గరే ఉంది.

ముందు ఆట సంగతి చూద్దాం. మంచు లేని ఐస్ హాకీ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ అది సగమే నిజం. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఇండోర్ కోర్టు. చుట్టూ 50 సెంటీమీటర్ల ఎత్తున, అంటే మోకాలి దాకా వచ్చే గోడ. దాన్ని అక్కడ సార్గ్ అంటారు. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి బంతి గోడకి తగిలి తిరిగొస్తుంది, ఆట ఆగదు. జట్టుకి ఐదుగురు ఆటగాళ్ళు, ఒక గోల్‌కీపర్. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఈల వేస్తే గడియారం కూడా ఆగుతుంది. ఐదుగురినీ కలిపి ఒక లైన్ అంటారు. ఒక లైన్ నిమిషం లోపే ఒగురుస్తూ బయటికొస్తే, ఇంకో లైన్ గోడ దూకి లోపలికి పరుగెత్తుతుంది.

బంతిని చేతిలోకి తీసుకుంటే నవ్వొస్తుంది. ఒంటినిండా 26 చిల్లులున్న బోలు ప్లాస్టిక్ ఉండ, 23 గ్రాములు. క్రికెట్ బంతి బరువులో దాదాపు ఏడో వంతు. ఇది ఎవరికి తగిలితే ఏమవుతుందిలే అనిపిస్తుంది, దగ్గర నుంచి కొట్టిన షాట్ తొడ మీద తగిలేదాకా. ఇక గోల్‌కీపర్ పరిస్థితి. 160 సెంటీమీటర్ల వెడల్పు, 115 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గోల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంది. చేతిలో కర్ర ఉండదు. వచ్చిన బంతిని చేతులు, ఛాతీ, కాళ్ళు ఏది అందితే దానితో ఆపాలి. మ్యాచ్ అంతా మోకాళ్ళ మీదే ఇటూ అటూ జరుగుతూ ఉంటుంది. నన్నడిగితే ఈ ఆటలో చూడాల్సిన మనిషి ఆమే.

కర్రతో కర్రని కొట్టకూడదు, ఐస్ హాకీలోలాగా మనిషిని గోడకేసి గుద్దకూడదు. భుజానికి భుజం ఆనించి నెట్టుకోవడం వరకు సరే. అందుకే బలం కన్నా కాలి వేగం, మణికట్టు పనితనం ఎక్కువ పనికొస్తాయి. పెద్ద ఖర్చు లేదు. ఒక కర్ర, ఒక జత బూట్లు, ఊళ్ళో ఉన్న స్కూలు జిమ్ చాలు. స్వీడన్‌లో ఈ ఆట పాకిపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. 1979లో సాలా అనే చిన్న ఊళ్ళో మొదటి క్లబ్బు పుట్టింది. 1981లో అదే ఊళ్ళో జాతీయ సమాఖ్య పెట్టుకున్నారు. 1986లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ కలిసి అంతర్జాతీయ సమాఖ్యని మొదలుపెట్టాయి. ఫిన్లాండ్‌లో దీన్ని సాలిబాండీ అంటారు, స్విట్జర్లాండ్‌లో యూనిహాకీ. పేర్లు వేరైనా ఆట ఒకటే. మన దేశంలోనూ సమాఖ్య ఉంది గానీ, పేపర్లో వార్త చూసిన గుర్తు చాలామందికి ఉండదు.

లీగ్ అనగానే మన బుర్రలోకి వచ్చేది ఐపీఎల్ నమూనా. మహిళల క్రికెట్ సంగతే తీసుకోండి. 2023లో డబ్ల్యూపీఎల్ మొదలైనప్పుడు ఐదు జట్లని అమ్మితే 4,669.99 కోట్లు వచ్చాయి. ఐదేళ్ళ ప్రసార హక్కులకి 951 కోట్లు. అంటే అక్కడ ముందు డబ్బొచ్చింది, తర్వాత ఓనర్లు, వేలం, చివరికి ఆటగాళ్ళు. కడప జిల్లా నుంచి వెళ్ళిన శ్రీచరణిని 2025 సీజన్ కోసం ఢిల్లీ జట్టు 55 లక్షలకి తీసుకుంది. ఆ ఐదు జట్లలో ఆఖరున నిలిచిన జట్టు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. కిందికి పోవడం అనే మాటే లేదు. ఎందుకంటే కింద ఏమీ లేదు. (మన రెండు రాష్ట్రాలకీ ఒక్క జట్టు కూడా లేదన్న బాధ ఇక్కడ అప్రస్తుతం, అయినా చెప్పుకోవాలనిపించింది.)

స్వీడన్‌లో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. అక్కడ ముందు పుట్టేది ఊరి సంఘం. అది కంపెనీ కాదు, సభ్యత్వం కట్టినవాళ్ళందరిదీ. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టుకుంటారు, మనిషికి ఒక ఓటు. ఆ సంఘంలో ఏడేళ్ళ పిల్లల జట్టు ఉంటుంది, పదిహేనేళ్ళవాళ్ళది ఉంటుంది, సరదాగా ఆడే నడివయసు అమ్మల జట్టూ ఉండొచ్చు. వీటన్నిటికీ కొసన మహిళల ప్రధాన జట్టు. అది ఊరి చుట్టుపక్కల డివిజన్ నుంచి మొదలై గెలుచుకుంటూ మెట్టు మెట్టూ ఎక్కాలి. ఎస్‌ఎస్‌ఎల్‌కి సరిగ్గా కిందనున్న మెట్టు పేరు ఆల్‌స్వెన్స్కాన్. ఎస్‌ఎస్‌ఎల్‌లో అడుగున మిగిలితే మళ్ళీ అక్కడికే జారతారు. సీట్లు ఎవరికీ రాసిచ్చినవి కావు.

ఇక కోటీశ్వరుడి సంగతి. స్వీడన్ క్రీడలన్నిటికీ పెద్ద తలకాయలాంటి సంస్థ ఒకటుంది, రీక్స్‌ఇద్రోట్స్‌ఫర్బుండెట్. ఫుట్‌బాల్ నుంచి ఫ్లోర్‌బాల్ దాకా అన్ని సమాఖ్యలూ దాని గొడుగు కిందే ఉంటాయి. అది పెట్టిన ఒక నియమాన్ని జనం 51 శాతం రూలు అంటారు. క్లబ్బు తన పెద్ద జట్టుని కంపెనీగా మార్చుకోవచ్చు, బయటివాళ్ళ పెట్టుబడి తెచ్చుకోవచ్చు. కానీ ఓట్లలో మెజారిటీ మాత్రం సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. దీన్ని ఎత్తేయాలని కొందరు ప్రయత్నించారు. 2013లో ప్రతినిధుల సమావేశంలో ఓటుకి పెడితే ఆ ప్రతిపాదన ఓడిపోయింది. కాబట్టి డబ్బున్నవాడు డబ్బు ఇవ్వొచ్చు, పెత్తనం మాత్రం దొరకదు.

పెత్తనం దొరక్కపోయినా పేరు దొరుకుతుంది. ఇదీ తమాషా. ఉమియో అనే ఉత్తరాది పట్టణంలో థోరెన్‌గ్రుప్పెన్ అనే మహిళల జట్టుంది. చాలా బలమైన జట్టు. ఆ పేరు ఊరిది కాదు, దేవతదీ కాదు. బడులు నడిపే ఒక కంపెనీది. యోతెబోరి పక్కనుండే పిక్స్‌బూ క్లబ్బు చాలా ఏళ్ళపాటు తన పేరు చివర వాలెన్‌స్టామ్ అని తగిలించుకుంది. అది ఇళ్ళు కట్టి అద్దెకిచ్చే కంపెనీ. ఓటు అమ్మకూడదు గానీ బోర్డు మీద పేరు అమ్ముకోవచ్చన్నమాట. మన దగ్గర వినాయక మండపం బ్యానర్ మీద జ్యువెలరీ షాపు పేరున్నట్టే. మండపం కమిటీదే, ఫ్లెక్సీ ఎవరిదైతేనేం.

మరి ఆటగాళ్ళ చేతికి ఎంత వస్తుంది? ఇక్కడ ఒక లెక్క దగ్గరగా చూడాలి, ఎందుకంటే చాలా విషయాలు దీని చుట్టూనే తిరుగుతాయి. స్వీడన్‌లో జీతం ఇచ్చే ప్రతివాడూ ఆ జీతం మీద 31.42 శాతం అదనంగా ప్రభుత్వానికి కట్టాలి. క్రీడా సంఘాలకి ఒక మినహాయింపు ఉంది. ఒక ఆటగాడికో ఆటగత్తెకో ఏడాది మొత్తానికి ఇచ్చేది ఒక గీత లోపల ఉంటే ఆ 31.42 శాతం కట్టక్కర్లేదు. ప్రభుత్వం ప్రతి ఏడాదీ ప్రకటించే ఒక మూల మొత్తంలో సగం దగ్గర ఈ గీత ఉంటుంది. 2025కి ఆ సగం 29,400 క్రోనాలు. మన డబ్బుల్లో రెండున్నర లక్షలకి కాస్త అటూ ఇటూ. నెలకి కాదు, ఏడాదికి.

గీత దాటితే దాటిన ముక్క మీదే కాదు, మొత్తం మీద కట్టాలి. అంటే గీతకి ఒక్క క్రోనా ఇవతలుంటే సంఘానికి అదనపు ఖర్చు సున్నా. గీతని తాకితే అదనంగా తొమ్మిది వేల పైచిలుకు క్రోనాలు. డజన్ల కొద్దీ ఆటగత్తెలున్న సంఘానికి కోశాధికారిగా ఉన్న మనిషి, అతనూ జీతం లేకుండా పనిచేసే ఏ అమ్మాయి తండ్రో అయ్యుంటాడు, ఏం చేస్తాడో ఊహించుకోవచ్చు. ఒకరిద్దరు పెద్ద పేరున్నవాళ్ళకి గీత దాటి ఇవ్వొచ్చు. మిగతావాళ్ళకి ప్రయాణ ఖర్చు, బూట్లు, కర్రలు, గీత లోపల ఎంతో కొంత. దానితో ఇల్లు గడవదు. అందుకే ఉద్యోగం.

ఇక్కడ మనం పొరపాటు పడే చోటొకటి ఉంది. డబ్బు లేదు కాబట్టి వ్యవస్థ బలహీనం అనుకుంటాం. డబ్బు ఉంది, కాకపోతే పైకి కాదు, కిందికి ప్రవహిస్తుంది. 7 నుంచి 25 ఏళ్ళ వయసువాళ్ళు ప్రాక్టీసుకి వస్తే, ప్రభుత్వం తలకింత అని సంఘానికి ఇస్తుంది. కనీసం ముగ్గురుండాలి, గంటసేపు జరగాలి, దగ్గర ఒక లీడరు ఉండాలి. కోచ్ ఎవరెవరు వచ్చారో టిక్ కొడతాడు, ఆ హాజరుపట్టీ ప్రకారం డబ్బొస్తుంది. గెలిచారా ఓడారా అన్నది ఆ పట్టీలో ఉండదు. హాళ్ళు మున్సిపాలిటీవి, పిల్లలకి తక్కువ అద్దెకే దొరుకుతాయి. ఇలా దేశం మొత్తం మీద లైసెన్సుతో ఆడేవాళ్ళు లక్ష దాటారు. అందులో ఆడపిల్లలు సుమారు నాలుగో వంతు. ఆ రాశి నుంచి పైకి తేలినవాళ్ళే ఎస్‌ఎస్‌ఎల్. హాకీ కర్ర పట్టిన ఆడపిల్ల కోసం జిల్లా అంతా వెతుక్కునే చోటి నుంచి చూస్తే ఇది ఎంత పెద్ద పంటో తెలుస్తుంది.

లీగ్ నడక కూడా కొంచెం చెప్పాలి. సెప్టెంబర్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. ప్రతి జట్టూ మిగతా జట్లతో ఇంటా బయటా ఆడుతుంది. గెలిస్తే మూడు పాయింట్లు. సమమైతే చెరొకటి, అదనపు సమయంలో తేల్చుకున్నవాళ్ళకి ఇంకొకటి. పట్టికలో పైనున్న ఎనిమిది జట్లు ప్లేఆఫ్‌లోకి వెళ్తాయి. ఇక్కడిదాకా మామూలే.

మామూలు కానిది తర్వాత వస్తుంది. చాలా చోట్ల ఒకటో జట్టుకి ఎనిమిదో జట్టు, రెండుకి ఏడు అని జత కడతారు. ఇక్కడ అలా కాదు. మొదటి స్థానంలో ఉన్న జట్టు 5 నుంచి 8 దాకా ఉన్న నాలుగు జట్లలో తనకి ఎవరు కావాలో తనే ఎంచుకుంటుంది. తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. మిగిలిన జట్టు నాలుగోదానికి. ఇదంతా గదిలో గుసగుసగా జరగదు, అందరికీ తెలిసేలా పేరు చెప్పి మరీ ఎంచుకోవాలి. స్విట్జర్లాండ్, ఫిన్లాండ్ లీగ్‌ల్లోనూ ఈ పద్ధతి ఉంది.

ఒక్క నిమిషం ఆ మొదటి జట్టు కెప్టెన్ చోట నిలబడి చూడండి. ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు బలహీనమే. కానీ దాని గోల్‌కీపర్ గాయం నుంచి ఈ మధ్యే తిరిగొచ్చింది, ఆఖరి నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. ఏడో జట్టు నెమ్మది జట్టే, కాకపోతే వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంది. క్వార్టర్ ఫైనల్ ఒక మ్యాచ్ కాదు, సిరీస్. రెండు మూడుసార్లు పోయి రావాలి. సోమవారం పొద్దున్న అందరూ డ్యూటీలో ఉండాలి. ఆరో జట్టు దగ్గర్లోనే ఉంది, అర్ధరాత్రి లోపు ఇల్లు చేరొచ్చు, కానీ సీజన్‌లో రెండుసార్లూ వాళ్ళ చేతిలో ఓడాం. ఎవర్ని ఎంచుకుంటారు? ఎవర్ని ఎంచుకున్నా వాళ్ళకి అందే సందేశం ఒకటే: మీరే అందరికన్నా తేలిక. ఆ మాటని డ్రెస్సింగ్ రూమ్ గోడకి అతికించి మరీ ఆడతారు. ఉద్యోగం, దూరం, అహం, లెక్కలు అన్నీ ఒక్క నిర్ణయంలో కలిసే ఇలాంటి ఘట్టాన్ని మిగతా ఆటల్లోని లీగ్‌లూ పెట్టుకోవాలని నాకు ఆశ. ఐపీఎల్‌లో టేబుల్ టాపర్ టీవీ కెమెరా ముందు నిలబడి "మాకు వీళ్ళు కావాలి" అంటే ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులు ఏమైపోతాయో!

దూరం అన్నాను కదా, అది మాటవరసకి అన్నది కాదు. స్వీడన్ పొడుగాటి దేశం. ఉమియో నుంచి దక్షిణాన మాల్మోకి రోడ్డు మీద పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే. విజయవాడ నుంచి ముంబై వెళ్ళినా అంత దూరం కాదు. బాల్టిక్ సముద్రంలో గోట్‌లాండ్ అనే దీవి ఉంది, అక్కడి ఎండ్రె జట్టు ఏళ్ళ తరబడి ఈ లీగ్‌లో ఆడింది. వాళ్ళకి ప్రతి బయటి మ్యాచ్‌కీ విమానమో, మూడు గంటల పైన పట్టే ఫెర్రీయో తప్పదు. ఆ తర్వాత బస్సు. సముద్రం అలజడిగా ఉన్న నవంబర్ రాత్రి ఫెర్రీలో వాంతులు ఆపుకుంటూ మర్నాటి పరీక్షకి చదువుకునే అమ్మాయిని తలుచుకుంటే, మన ఆర్టీసీ బస్సులో స్టేట్ మీట్‌కి వెళ్ళొచ్చిన అమ్మాయిలకి ఆమె బొత్తిగా కొత్త మనిషి అనిపించదు.

మూరా సంగతీ చెప్పాలి. దలార్నా ప్రాంతంలో సరస్సు పక్కనున్న ఈ ఊరి జనాభా మన మండల కేంద్రమంత కూడా ఉండదు. వాసాలొప్పెట్ అనే పెద్ద స్కీ పరుగు ముగిసే ఊరుగా దాన్ని లోకం ఎరుగుతుంది. ఆ ఊరి కైస్ మూరా మహిళల జట్టు రాజధాని జట్లని ఓడించి దేశ ఛాంపియన్ అయింది. ఐపీఎల్ నమూనాలో ఇది జరగడానికి వీల్లేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో మార్కెట్ లేదు. ఇక్కడ జరిగింది, ఎందుకంటే ఆ ఊళ్ళో హాలుంది, చలికాలం పొడుగు, ఆడపిల్లలు ఆడతారు.

లీగ్ చివర ఇంకో పేచీ ఉంది. క్వార్టర్స్, సెమీస్ సిరీస్‌లుగా ఆడి, ఫైనల్ మాత్రం ఒకే ఒక్క మ్యాచ్. మగవాళ్ళ ఫైనల్, ఆడవాళ్ళ ఫైనల్ ఒకే రోజు, ఒకే పెద్ద అరీనాలో. చాలా ఏళ్ళు స్టాక్‌హోమ్‌లోని గ్లోబెన్‌లో జరిగాయి, మాల్మోలోనూ జరిగాయి. ఏడు నెలలు బాగా ఆడినవాళ్ళు ఒక్క చెడ్డ సాయంత్రంతో ఓడిపోవడం అన్యాయమని విమర్శ. నిజమే. కానీ మామూలు రోజుల్లో స్కూలు జిమ్ లాంటి హాల్లో కొన్ని వందల మంది ముందు ఆడే అమ్మాయికి, వేలమంది నిండిన అరీనాలో మగవాళ్ళతో సమానమైన వేదిక మీద ఆడే రోజు ఏడాదికి ఇదొక్కటే. సిరీస్ పెడితే న్యాయం పెరుగుతుంది, జనం చీలిపోతారు. నేనైతే ఒక్క మ్యాచ్ వైపే. మగవాళ్ళ లీగ్ పేరూ ఆడవాళ్ళ లీగ్ పేరూ ఒకటే అయినంత మాత్రాన స్పాన్సర్ల జేబులు సమానం కాలేదు. ఆ ఒక్కరోజు టికెట్ మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే.

ఇలా ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్ళ చేతిలో ప్రపంచమంతా అన్నేళ్ళపాటు ఎందుకు ఓడిపోతూ వచ్చిందంటే, మిగతావాళ్ళూ ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్ళే, వాళ్ళకి ఇంత పెద్ద రాశి లేదు. అయితే ఆ తేడా తగ్గిపోతోంది. కారణాల్లో ఒకటి ఈ లీగే. ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకున్న ఫిన్లాండ్ అమ్మాయి వీరా కౌప్పి వచ్చి ఆడింది ఇక్కడే. చెక్, స్విస్ అమ్మాయిలూ వచ్చి, నేర్చుకుని వెళ్ళి, సొంత దేశం జెర్సీ వేసుకుని స్వీడన్ మీదే ప్రయోగిస్తారు. 2019లో స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. సెమీఫైనల్లో చెక్ జట్టు మీద 2–6తో వెనకబడిన స్విస్ అమ్మాయిలు చివరి నిమిషాల్లో నాలుగు గోల్స్ కొట్టి సమం చేసి, అదనపు సమయంలో 7–6తో గెలిచారు. ఫైనల్లో స్వీడన్‌ని కూడా అదనపు సమయం దాకా లాగారు. 3–2తో బయటపడింది స్వీడన్.

మీకు చూడాలనిపిస్తే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో చూడండి. పట్టిక తేలిపోయి, ఎవరు ఎవర్ని ఎంచుకుంటారన్న టెన్షన్ మొదలయ్యే రోజులవి. స్వీడన్‌లోనే ఉంటే స్ట్రీమింగ్ కన్నా హాలుకి వెళ్ళడమే మేలు. గోల్ వెనకాల కూర్చుంటే గోల్‌కీపర్ మోకాళ్ళ కింద నేల కీచుమనడం వినిపిస్తుంది. విరామంలో వరండాలో బల్ల వేసి కాఫీ, దాల్చినచెక్క బన్నులు అమ్ముతుంటారు. గల్లాపెట్టె దగ్గర నిలబడి చిల్లర లెక్కపెట్టేది అదే సంఘం పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ. మ్యాచ్ అయిపోగానే వెళ్ళిపోకండి. కాసేపటికి కొంతమంది కోర్టులోకి దిగి, సార్గ్‌ని ముక్కలుగా విడదీసి, బండి మీద పేర్చుకుని, తోసుకుంటూ స్టోర్ రూమ్‌కి తీసుకెళ్తారు. రేపు పొద్దున్న ఆ హాల్లో హ్యాండ్‌బాల్ వాళ్ళకి ప్రాక్టీసుంది.